ప్లీహకణాలు పంపే కబుర్లు



ఒకసారి మీ కుడిచేతిని ఎడమవైపు పక్కటెముకల మీద, కింది వరసల దగ్గర ఆనించండి. ఆ ఎముకల చాటున, జీర్ణాశయానికి వెనకగా, పిడికిలంత అవయవం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది చేతికి తగలదు. మలేరియా మళ్లీ మళ్లీ వచ్చిన మనిషిలో ఉబ్బి, గట్టిగా తగులుతుంది. అప్పుడే మన పెద్దవాళ్లు “కడుపులో బల్ల పెరిగింది” అనేవారు. ఆ అవయవమే ప్లీహం. ఇంగ్లీషులో స్ప్లీన్.

రక్తం ప్లీహం గుండా పోతుంటే, ముసలివైన ఎర్రకణాలను అది ఏరేస్తుంది. ఆ సంగతి ఇవాళ మనకు అక్కర్లేదు. దానికి ఇంకో పని ఉంది. రక్తంలోకి చొరబడిన సూక్ష్మజీవులను పట్టుకుని, అక్కడ కాపురముండే తెల్లకణాలకు చూపిస్తుంది. ఆ తెల్లకణాలు ఎన్ని? ఒక చిట్టెలుకను తీసుకోండి. దాని ప్లీహం బరువు గ్రాములో పదోవంతు. అంత చిన్నదాంట్లోనే సుమారు 10 కోట్ల కణాలుంటాయి.

ఇన్ని కోట్ల కణాలు ఒక మాట మీద ఎలా నడుస్తాయి? వాటికి నోరు లేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి నరమూ లేదు. అవి చిన్న చిన్న ప్రోటీన్లను బయటికి వదులుతాయి. పక్క కణం ఆ ప్రోటీన్‌ను అందుకుని, దాని ప్రకారం నడుచుకుంటుంది. “నువ్వు రెట్టింపవు” అని ఒక ప్రోటీన్ చెబుతుంది. “నువ్వు మింగిన క్రిమిని చంపు” అని ఇంకోటి చెబుతుంది. “ఇక చాలు, ఆపు” అని మరోటి. వీటిని సైటోకైన్లు అంటారు. కబురు మోసే ప్రోటీన్లు అనుకుందాం.

ఇవాళ నేను మీ ముందు పెట్టేది ఒకే ఒక్క ప్రశ్న. ఈ కబుర్లన్నీ ఒకే ద్రవంలో కలిసిపోయి ఉంటే, ఏది ఏదో ఎలా పోల్చుకోవడం? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలా ఏళ్లు తిప్పలు పెట్టింది. దానికి దొరికిన జవాబు ఇవాళ మన ఆసుపత్రుల్లో మందై, పరీక్షై పనిచేస్తోంది.

ముందు ప్రయోగశాలలోకి వెళదాం.

చిట్టెలుక ప్లీహాన్ని సన్నని జల్లెడ మీద మెల్లగా నలుపుతారు. కణాలు విడివడతాయి. ఎర్రకణాలను పగలగొట్టి తీసేస్తారు. మిగిలిన తెల్లకణాలను పోషకాలున్న ద్రవంలో వేసి, ఒంటి వేడి ఎంతో అంత వేడిలో, 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఊరికే ఉంచితే అవి పెద్దగా ఏమీ పలకవు. వాటిని కదిలించాలి. ప్రేరేపించాలి.

దేంతో ప్రేరేపిస్తారో తెలుసా? గింజలతో. మనం కూర వండుకునే రాజ్మా గింజలతో ఒకటి, జాక్ బీన్ అనే మరో చిక్కుడు జాతి గింజతో ఇంకోటి. రాజ్మా సరిగ్గా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు అవుతాయని వంటింట్లో అందరికీ తెలుసు. దానికి కారణం ఆ గింజలో ఉన్న ఒక ప్రోటీన్. పేరు ఫైటోహీమాగ్లుటినిన్. కొన్నేళ్లపాటు ప్రయోగశాలల్లో దాన్ని రక్తంలోంచి ఎర్రకణాలను వేరుచేయడానికి వాడుకునేవారు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే పరిశోధకుడు ఒక వింత గమనించాడు. ఈ రాజ్మా ప్రోటీన్ తగిలిన తెల్లకణాలు ఊరుకోవడం లేదు. ఉబ్బుతున్నాయి. విభజన చెందుతున్నాయి. ఆ కణాలకు ఇక ఎదుగుదల లేదని అప్పటిదాకా అనుకుంటున్నారు. గింజలోని ప్రోటీన్ వాటిని నిద్ర లేపింది.

జాక్ బీన్ ప్రోటీన్ పేరు కాన్‌కనావలిన్-ఎ. ప్రయోగశాలల్లో ముద్దుగా కాన్-ఎ అంటారు. 1919లోనే జేమ్స్ సమ్నర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. చిట్టెలుక ప్లీహకణాలను లేపడానికి ఇది బాగా పనికొస్తుంది. కొద్దిగా కలిపి, ఒక రోజు ఆగితే చాలు. కణాలు తమ కబుర్లను ద్రవంలోకి వదులుతాయి. అప్పుడు ఆ ద్రవాన్ని గిర్రున తిప్పితే కణాలు అడుక్కి దిగుతాయి. పైన తేట మిగులుతుంది.

ఈ తేటను గుర్తుపెట్టుకోండి. ఇవాళ మన కథంతా ఈ తేట చుట్టూనే.

1970లలో ఈ తేట ఒక అద్భుతం. దాన్ని టీ కణాలనే తెల్లకణాల మీద పోస్తే అవి పెరిగాయి. బీ కణాలనే మరో రకం తెల్లకణాల మీద పోస్తే, క్రిములను పట్టుకునే యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేశాయి. మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాల మీద పోస్తే, తిరగడం మాని ఉన్నచోటే ఆగిపోయాయి. వైరస్ సోకబోయే కణాల మీద ముందుగా పోస్తే, వైరస్ వాటిని చంపలేకపోయింది. ఎవరు ఏ పని చూశారో, ఆ పనిని బట్టి పేరు పెట్టారు. టీ కణాలను పెంచే కారకం. బీ కణాలను పెంచే కారకం. కదలికను ఆపే కారకం. కారకాల పేర్లు గుట్టలుగా పేరుకున్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందో చూడండి. ఒక ఊరు ఊహించుకోండి. ఆ ఊళ్లో ఒకాయన పొద్దున బడిలో లెక్కలు చెబుతారు. సాయంత్రం ఊరి పోస్టాఫీసు చూస్తారు. రాత్రి భజనలో హార్మోనియం వాయిస్తారు. బడి దగ్గరివాళ్లకు ఆయన లెక్కల మాస్టారు. ఉత్తరాల కోసం వచ్చేవాళ్లకు పోస్టుమాస్టారు. గుడి వీధిలో హార్మోనియం మాస్టారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు ముగ్గురు మాస్టార్లున్నారని రాసుకుంటాడు. ఉన్నది ఒక్కరే. పక్కూళ్లో ఇంకో తంతు. అక్కడ ముగ్గురు వేరువేరు మనుషులు లెక్కలు చెబుతారు. పిల్లల్ని ఎవర్ని అడిగినా “లెక్కల మాస్టారు చెప్పారండీ” అంటారు. కొత్తవాడు ఒక్కరే అనుకుంటాడు. ఉన్నది ముగ్గురు.

ఒక్కరిని ముగ్గురనుకోవడం. ముగ్గురిని ఒక్కరనుకోవడం. ప్లీహకణాల తేట విషయంలో ఈ రెండు పొరపాట్లూ జరిగాయి.

ఒక్కదాన్నే పలు పేర్లతో పిలిచిన ఉదాహరణ చెబుతాను. జపాన్‌లోని ఒసాకాలో తదమిత్సు కిషిమోతో, తోషియో హిరానో బృందం ఒక ప్రోటీన్ వెంట పడింది. అది బీ కణాల చేత యాంటీబాడీలు తయారుచేయిస్తుంది. 1986లో దాని జన్యువును పట్టుకున్నారు. తీరా చూస్తే, అదే ప్రోటీన్‌ను ఇంకొకరు వైరస్‌ను అడ్డుకునే ఒక రకం ఇంటర్‌ఫెరాన్ అంటున్నారు. మరొకరు కాలేయ కణాలను ప్రేరేపించే కారకం అంటున్నారు. ఇంకొకరు ఒక జాతి కణాలను పెంచే కారకం అంటున్నారు. అన్నీ ఒక్కటే. ఇవాళ దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-6. ఈ పేరు కాసేపు మనసులో ఉంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రెండో పొరపాటుకు ఉదాహరణ ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ల్యూకిన్-4. టీ కణాలను పెంచే కారకాన్ని 1976లో అమెరికాలో మోర్గన్, రుసెట్టి, గాలో బయటపెట్టారు. అదే తర్వాత ఇంటర్‌ల్యూకిన్-2 అయింది. 1977లో స్టీవెన్ గిల్లిస్, కెండాల్ స్మిత్ దీని మీద ఆధారపడి బతికే టీ కణాలను ఎడతెగకుండా పెంచి చూపించారు. ఆ కారకం లేకపోతే అవి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. ఉంటే పెరుగుతాయి. ఇంకేం, మంచి పరీక్ష దొరికిందనుకున్నారు. తేటను ఆ కణాల మీద వెయ్యి. బతికితే ఇంటర్‌ల్యూకిన్-2 ఉన్నట్టు. చస్తే లేనట్టు.

కణాలు బతికాయో లేదో కంటితో చూడడానికి టిమ్ మోస్మన్ అనే శాస్త్రవేత్త 1983లో సులువైన దారి చూపించాడు. పసుపుపచ్చని రంగు పదార్థం ఒకటి వేస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. చచ్చిన కణాలకు ఆ శక్తి లేదు. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం ముందుంటుంది. ఊదా అయితే కారకం ఉంది. పసుపుగానే ఉండిపోతే లేదు. ఇప్పటికీ ప్రపంచమంతటా, మన విశ్వవిద్యాలయాల్లోనూ, విద్యార్థులు ఈ పరీక్ష చేస్తున్నారు.

ఇక్కడే మోసం ఉంది. పరీక్షకు వాడే కణాల్లో కొన్ని ఇంటర్‌ల్యూకిన్-2 ఉన్నా పెరుగుతాయి, ఇంటర్‌ల్యూకిన్-4 అనే వేరే కబురు ఉన్నా పెరుగుతాయి. గుంట ఊదారంగులోకి మారింది. నిజమే. కానీ ఎవరి వల్ల? రంగు ఆ సంగతి చెప్పదు.

ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి శ్రోతలారా. పనిని బట్టి పేరు పెట్టవచ్చు. పనిని బట్టి మనిషిని పోల్చుకోలేం.

మరి ఎలా పోల్చుకున్నారు?

మొదట్లో రసాయన పద్ధతులు వాడారు. ఇంటర్‌ఫెరాన్ సంగతే చూడండి. వైరస్ దాడిని అడ్డుకునే ఈ పదార్థాన్ని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. 1965లో ఫ్రెడరిక్ వీలాక్ అనే ఆయన, రాజ్మా ప్రోటీన్‌తో ప్రేరేపించిన మనిషి తెల్లకణాలు కూడా వైరస్‌ను అడ్డుకునే పదార్థాన్ని వదులుతున్నాయని చూపించాడు. పని అదే. కానీ ఇద్దరూ ఒకరేనా? ఘాటైన ఆమ్లంలో ఉంచి చూశారు. వైరస్ సోకిన కణాలు వదిలే పాత ఇంటర్‌ఫెరాన్ ఆమ్లాన్ని తట్టుకుంది. కొత్తది తట్టుకోలేక పనితనం పోగొట్టుకుంది. అంటే ఇద్దరూ వేరు. ఈ రెండోదాని పేరు ఇవాళ ఇంటర్‌ఫెరాన్-గామా.

ఆమ్లం ఇద్దరిని విడదీయగలదు. పదిమందిని విడదీయలేదు. అంతకంటే పదునైన సాధనం కావాలి. అది 1975లో దొరికింది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒక పని చేశారు. చిట్టెలుకకు ఒక పదార్థం ఎక్కించి, దాని మీద యాంటీబాడీలు తయారయ్యేలా చేశారు. తర్వాత దాని ప్లీహకణాలను తీసి, చావు లేకుండా పెరుగుతూ పోయే క్యాన్సర్ కణాలతో కలిపి ఒకటి చేశారు. పుట్టిన కొత్త కణం రెండు గుణాలూ తెచ్చుకుంది. చావదు. ఎప్పుడూ ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తుంది. దాన్నే మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు. అది ఒక్క ప్రోటీన్‌ను, అందులోనూ ఒక్క భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. పక్కనున్నదాన్ని తాకదు. ఈ పనికి 1984లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

చమత్కారం చూశారా? తేటలో చిక్కుముడి వేసింది ప్లీహకణాలే. ముడి విప్పే సాధనం ఇచ్చిందీ ప్లీహకణాలే.

ఇప్పుడు ఆ ఊదారంగు గుంట దగ్గరికి మళ్లీ వెళదాం. అదే తేటను మూడు గుంటల్లో పోయండి. మొదటి గుంటలో ఏమీ కలపకండి. రెండో గుంటలో ఇంటర్‌ల్యూకిన్-2ను పట్టి బంధించే యాంటీబాడీ వెయ్యండి. మూడో గుంటలో ఇంటర్‌ల్యూకిన్-4ను బంధించే యాంటీబాడీ వెయ్యండి. మూడో గుంటలో వేసిన ఈ యాంటీబాడీని 1985లో ఒహారా, విలియం పాల్ తయారుచేశారు. పరిశోధకులు దాన్ని 11బి11 అంటారు. మొదటి గుంట ఊదాగా మారిందనుకోండి. కణాలు పెరిగాయి. రెండో గుంట కూడా ఊదాయే. మూడోది మాత్రం పసుపుగానే ఉండిపోయింది. అంటే ఇంటర్‌ల్యూకిన్-2ను బంధించినా పెరుగుదల ఆగలేదు. ఇంటర్‌ల్యూకిన్-4ను బంధిస్తే ఆగింది. ఇప్పుడు చెప్పొచ్చు, ఈ తేటలో కణాలను పెంచుతున్నది ఇంటర్‌ల్యూకిన్-4 అని.

చూశారా, ప్రశ్న ఎలా మారిందో. “ఇది ఏం చేస్తోంది?” అన్న ప్రశ్న వెనక్కి పోయింది. “దీన్ని తీసేస్తే ఏం ఆగిపోతుంది?” అన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఉన్నప్పటి పని కంటే, లేనప్పటి లోటు ఎక్కువ చెబుతుంది. ఇవాళ్టి ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఇదే.

ఇంకొన్ని మెళకువలు కూడా చెప్పాలి. ప్రయోగశాలలో చెయ్యి తిరిగినవాళ్లు వీటిని మరిచిపోరు.

ఒకటి, గింజ ప్రోటీన్. ప్లీహకణాలను లేపడానికి వేసిన కాన్-ఎ, తేటలో కొంత మిగిలిపోతుంది. ఆ తేటను వేరే కణాల మీద వేస్తే, కాన్-ఎ వాటినీ లేపుతుంది. అప్పుడు కబురు ప్రోటీన్ లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. కాన్-ఎకు ఒక రకం చక్కెర అంటే మోజు. ఆ చక్కెరను తేటలో కలిపితే దానికి అంటుకుని ఊరుకుంటుంది. అప్పుడు పరీక్ష నిజం చెబుతుంది.

రెండోది, సమయం. ఇంటర్‌ల్యూకిన్-2 తొలి రోజుకే బాగా పేరుకుంటుంది. తర్వాత తగ్గుతుంది. ఎందుకు? వదిలిన కణాలే, వాటి పక్క కణాలే దాన్ని వాడేసుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్-గామా మాత్రం రెండో రోజు, మూడో రోజు కూడా పేరుకుంటూనే ఉంటుంది. ఎప్పుడు తేట తీశారో చెప్పకుండా, ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పడం కుదరదు.

మూడోది, ఇవాళ ఎక్కువగా వాడే ఎలైజా పరీక్ష సంగతి. ఒక యాంటీబాడీని పళ్లెం అడుగున అంటిస్తారు. తేట పోస్తే, అది తనకు కావలసిన ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. మిగతాదంతా కడిగేస్తారు. అప్పుడు అదే ప్రోటీన్‌ను ఇంకో చోట పట్టుకునే రెండో యాంటీబాడీ వేస్తారు. దానికి రంగు తెప్పించే ఏర్పాటు ఉంటుంది. ఎంత రంగు వస్తే అంత ప్రోటీన్. రెండు చోట్లా గుర్తుపట్టాలి కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ. కానీ ఎలైజా ప్రోటీన్ ఉందని చెబుతుంది, అది పనిచేస్తోందని చెప్పదు. కణాల పరీక్షేమో పని జరిగిందని చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. అందుకే జాగ్రత్తపరులు రెండూ చేస్తారు.

ఇంకా ఒక్క ప్రశ్న మిగిలింది. తేటలో ఫలానా ప్రోటీన్ ఉందని తేలింది. సరే. దాన్ని వదిలింది ఏ కణం? 10 కోట్ల కణాల్లో ఎవరు? దీనికి కూడా దారులు దొరికాయి. ఒక పద్ధతిలో కణాలను యాంటీబాడీ పూసిన పొర మీద పరుస్తారు. కణం వదిలిన ప్రోటీన్ అక్కడికక్కడే పట్టుబడుతుంది. రంగు వేస్తే ఒక చుక్క కనపడుతుంది. ఒక చుక్క, ఒక కణం. చుక్కలు లెక్కపెట్టుకోవడమే. ఇంకో పద్ధతిలో కణం ప్రోటీన్‌ను బయటికి వదలకుండా మందుతో ఆపుతారు. అది కణం లోపలే పేరుకుంటుంది. రంగు అంటించిన యాంటీబాడీలను లోపలికి పంపి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపిస్తారు. ఏ కణంలో ఏ ప్రోటీన్ ఉందో అప్పుడు తెలిసిపోతుంది.

ఇంత శ్రమ దేనికి అని మీరు అడగవచ్చు. పేర్లు సరిచేసుకోవడం కోసమేనా? కాదు. ఈ విడదీత వల్ల ఒక పెద్ద రహస్యం బయటపడింది.

1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఇందాక రంగు పరీక్ష గురించి చెప్పుకున్న టిమ్ మోస్మన్, రాబర్ట్ కాఫ్‌మన్, వాళ్ల సహచరులు ఒక పని చేశారు. ఒక్కొక్క టీ కణాన్ని విడిగా తీసుకుని, దాని సంతానాన్ని విడిగా పెంచారు. ఒక్కో సంతానాన్నీ ప్రేరేపించి, ఒక్కో తేటనూ విడిగా పరీక్షించారు. మిగతా కణాలకు కబుర్లు పంపి సాయపడే సహాయక టీ కణాలన్నీ ఒకటేనని అంతకుముందు చాలామంది నమ్మకం. తేటలు వేరే కథ చెప్పాయి. కొన్ని సంతానాలు ఇంటర్‌ల్యూకిన్-2ను, ఇంటర్‌ఫెరాన్-గామాను వదిలాయి. ఇంటర్‌ల్యూకిన్-4 వదల్లేదు. ఇంకొన్ని ఇంటర్‌ల్యూకిన్-4ను వదిలాయి. ఇంటర్‌ఫెరాన్-గామా వదల్లేదు. మొదటి రకానికి టీహెచ్-1, రెండో రకానికి టీహెచ్-2 అని పేర్లు పెట్టారు. మొత్తం ప్లీహాన్ని కలిపి నలిపిన తేటలో రెండు రకాల కబుర్లూ కలిసిపోయి ఉంటాయి. అందుకే అంతకాలం ఈ తేడా కంటికి ఆనలేదు.

ఇంటర్‌ఫెరాన్-గామా మాక్రోఫేజ్‌లకు కబురు పంపి, అవి మింగిన క్రిములను లోపలే చంపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-4 యాంటీబాడీలు తయారుచేసే దారి పట్టిస్తుంది. అలర్జీల్లో కనిపించే ఒక రకం యాంటీబాడీ వెనక ఇదే ఉంటుంది. ఈ రెండు కబుర్లూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఇంకా కొన్ని రకాల సహాయక కణాలు బయటపడ్డాయి. మనుషుల్లో ఈ గీత చిట్టెలుకల్లో ఉన్నంత తిన్నగా లేదని కూడా తెలిసింది. అయినా ఆ మొదటి గీత చాలా సంగతులకు దారి తీసింది.

వాటిలో ఒకటి లీష్మానియా కథ. ఇది మాక్రోఫేజ్‌ల లోపలే దాక్కుని బతికే పరాన్నజీవి. కాలా ఆజార్ అనే జబ్బులో ప్లీహం పొట్టంతా ఆక్రమించేలా పెరిగిపోతుంది. ఆ జబ్బుకు కారణమైన జీవిని 1903లో మద్రాసులో చార్లెస్ డోనవన్ అనే వైద్యుడు రోగుల ప్లీహంలోనే గుర్తించాడు. అదే ఏడాది విలియం లీష్‌మన్ కూడా దాన్ని వర్ణించాడు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి లీష్మానియా డోనవని అని పేరొచ్చింది.

ఆ కుటుంబంలోనే, చర్మం మీద పుండ్లు చేసే మరో జీవిని చిట్టెలుకలకు ఎక్కించి చూశారు. ఒక జాతి చిట్టెలుకలు కోలుకున్నాయి. ఇంకో జాతివి చచ్చిపోయాయి. క్రిమి ఒకటే. తేడా ఎక్కడుంది? 1989లో అమెరికా పరిశోధకులు కబుర్లు విడదీసి చూశారు. కోలుకున్న చిట్టెలుకల్లో ఇంటర్‌ఫెరాన్-గామా ఎక్కువ. చచ్చిపోయిన వాటిలో ఇంటర్‌ల్యూకిన్-4 ఎక్కువ.

ఇక్కడే ఆగితే అది అనుమానమే. రుజువు కాదు. అందుకే మన పాత ప్రశ్న వేశారు. తీసేస్తే ఏమవుతుంది? చచ్చిపోయే జాతి చిట్టెలుకలకు ఇంటర్‌ల్యూకిన్-4ను బంధించే 11బి11 యాంటీబాడీ ఇచ్చారు. అవి కోలుకున్నాయి. సహజంగా తట్టుకోగలిగే జాతికి ఇంటర్‌ఫెరాన్-గామాను బంధించే యాంటీబాడీ ఇచ్చారు. వాటి తట్టుకునే శక్తి పోయింది. పళ్లెంలో గుంట రంగు దగ్గర మొదలైన ప్రశ్న, ప్రాణం ఉంటుందా పోతుందా అన్నదాకా వచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ల దగ్గరికి వద్దాం.

కోవిడ్ రెండో అల రోజులు, 2021 వేసవి, మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. “సైటోకైన్ స్టార్మ్” అన్న మాట టీవీలో మోగిపోయింది. టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ కోసం హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో జనం కాళ్లరిగేలా తిరిగారు. ఆ మందు ఏం చేస్తుంది? కబుర్లన్నిటినీ ఆపుతుందా? లేదు. ఒక్క కబురునే ఆపుతుంది. ఇందాక మనసులో ఉంచుకోమన్నాను చూడండి, ఆ ఇంటర్‌ల్యూకిన్-6ను. కణాలు ఆ ప్రోటీన్‌ను అందుకునే చోటును ఈ మందు మూసేస్తుంది. ఈ మందు కూడా ఒక యాంటీబాడీయే. కిషిమోతో పనిచేసిన ఒసాకా పరిశోధనల నుంచే పుట్టింది. అందరికీ కాదు, ఆక్సిజన్ అవసరమై, ఒంట్లో వాపు లక్షణాలు బాగా పెరిగిన రోగుల్లో ఇది మరణాలను తగ్గించిందని 2021లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చింది.

ఆ రోజుల్లోనే మీరు సీఆర్‌పీ అనే రక్తపరీక్ష పేరు కూడా విని ఉంటారు. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్. దాన్ని తయారుచేయమని కాలేయానికి చెప్పే ముఖ్యమైన కబురు కూడా ఇంటర్‌ల్యూకిన్-6దే. ఒకప్పుడు దాన్ని “కాలేయ కణాలను ప్రేరేపించే కారకం” అన్నవాళ్లు ఈ పనినే చూశారు.

ఇంకో ఉదాహరణ క్షయ. మన దేశంలో టీబీ క్రిమి ఎంతోమంది ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది. దాన్ని గుర్తించడానికి ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్ష ఉంది. అది ఎలా పనిచేస్తుందో ఇప్పుడు మీరే ఊహించగలరు. రక్తాన్ని కొన్ని గొట్టాల్లోకి తీస్తారు. ఒక గొట్టంలో టీబీ క్రిమికి చెందిన ప్రోటీన్ ముక్కలుంటాయి. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ మనిషి టీ కణాలకు టీబీ క్రిమి ముందే పరిచయమై ఉంటే, అవి ఇంటర్‌ఫెరాన్-గామాను వదులుతాయి. దాన్ని ఎలైజాతో కొలుస్తారు. ఆ ముక్కలు బీసీజీ టీకాలో ఉండవు. అందుకే చిన్నప్పుడు టీకా వేయించుకున్నంత మాత్రాన ఈ పరీక్ష తప్పుదోవ పట్టదు. ఇంకో గొట్టంలో ఏమీ ఉండదు. ఏ ప్రేరణా లేకుండా కణాలు ఎంత వదులుతున్నాయో చూడడానికి. మరో గొట్టంలో కణాలను లేపే పదార్థం ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న పరీక్షలో అది రాజ్మా ప్రోటీనే. అసలు ఈ మనిషి కణాలు పలకగలవా లేదా అని తేల్చుకోవడానికి. అవి రాజ్మా ప్రోటీన్‌కు కూడా పలకకపోతే, టీబీ గొట్టం మౌనంగా ఉందని సంబరపడకూడదు.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. క్రిమి ఒంట్లోకి వచ్చిన జాడను చెబుతుంది. జబ్బు ఇప్పుడు ముదురుతోందా, నిద్రపోతోందా అన్నది చెప్పదు. ఆ తేడా డాక్టరు గారు ఎక్స్-రే, కఫం పరీక్షలతో తేల్చాలి.

శ్రోతలారా, ఇంతసేపూ మనం చెప్పుకున్నదాన్ని మూడు ముక్కల్లో మళ్లీ చెబుతాను. ప్రేరేపించిన ప్లీహకణాలు ఒక కబురు కాదు, ఎన్నో కబుర్లు ఒకేసారి వదులుతాయి. చేసే పనిని బట్టి వాటిని పోల్చుకోబోతే, ఒక్కటి మూడుగానూ, మూడు ఒక్కటిగానూ కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ విడిగా బంధించి, ఏ పని ఆగిపోయిందో చూసినప్పుడే అసలు సంగతి తేలుతుంది.

దీన్నుంచి మన రోజువారీ బతుక్కి పనికొచ్చే మాట ఒకటుంది. బజారులో ఏ పొడి చూసినా, ఏ కషాయం చూసినా “ఇమ్యూనిటీ పెంచుతుంది” అని రాసి ఉంటోంది. ఇంటర్‌ఫెరాన్-గామా పెరిగితే ఇంటర్‌ల్యూకిన్-4 అణగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4 పెరిగితే ఇంటర్‌ఫెరాన్-గామా అణగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 హద్దు దాటితే దాన్ని ఆపడానికే మందు వాడాల్సి వచ్చింది. కాబట్టి ఇమ్యూనిటీ అనేది ఒకే మీట తిప్పితే పెరిగేది కాదు. ఈసారి ఎవరైనా మీతో ఆ మాట అంటే రెండు ప్రశ్నలు అడగండి. “ఏ కబురును పెంచుతుందండీ? దాన్ని ఎలా తేల్చారు?” అడిగినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. జవాబు రాకపోతే, మీ డబ్బు మీ జేబులోనే ఉంటుంది.